ప్రత్యర్థి జట్టులోకి మా అమ్మాయి

2024 డిసెంబర్‌లో ఒక మంగళవారం రాత్రి పదకొండున్నరకి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, మెయిల్ రాసేశాను. పంపే ముందు నువ్వొకసారి చదువు" అంది. మెయిల్ మొత్తం నాలుగు లైన్లు. తన పేరు, స్టూడెంట్ నంబరు, ఆట పేరు, ఆ తర్వాత "నా పేరును ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో చేర్చవలసిందిగా కోరుతున్నాను" అని ఒక్క వాక్యం. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు చేర్చే జాబితా అది. మూడుసార్లు చదివాను. తప్పులేమీ లేవు. అయినా "పంపు" అనడానికి నాకు నోరు రాలేదు.

రెండు సీజన్లుగా తను ఒక పెద్ద కాలేజీలో ఫుల్ స్కాలర్‌షిప్ మీద వాలీబాల్ ఆడుతోంది. ఏటా ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) టోర్నమెంట్‌కి వెళ్లే జట్టు వాళ్లది. ఆ మెయిల్ వెళ్లిన పది రోజులకే తను అదే కాన్ఫరెన్స్‌లోని, అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలోని, ఇంకో పెద్ద కాలేజీకి వెళ్లాలని నిర్ణయించుకుంది. ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్ అంటే టికెట్లు దొరకవు. అంత పోటీ. రెండు కాలేజీల పేర్లూ నేను రాయను. రెండు చోట్లా మా అమ్మాయికి కావలసిన పిల్లలున్నారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ నెల రోజులూ తెలుగులో ఎవరైనా దీని గురించి రాశారేమోనని వెతికాను, ఒక్కటీ దొరకలేదు. డాలస్ చుట్టుపక్కల మన పిల్లలు ఇప్పుడు క్లబ్ వాలీబాల్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరైనా ఈ దారిలోకి వస్తారు.

మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది చీరాల దగ్గర ఒక ఊరు. నేను చదువుకునే రోజుల్లో అది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను కూడా వాలీబాల్ ఆడాను. సున్నంతో గీసిన కోర్టు, ఒక పక్క ఇనుప స్తంభం, ఇంకో పక్క వేపచెట్టు. సాయంత్రమయ్యేసరికి వల సడలిపోతే పి.ఇ.టి. మాస్టారు వచ్చి తాడు లాగి మళ్లీ చెట్టుకి బిగించేవారు. షాట్ కొట్టేవాళ్లకి బంతి లేపడమే నా పని. ఇక్కడ దాన్ని సెట్టింగ్ అంటారు, ఆ అమ్మాయిని సెటర్ అంటారు. మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు గ్యారేజీ తలుపు ముందు నిలబెట్టి వేళ్లతో బంతి ఎలా తీసుకోవాలో చూపించింది నేనే. అంచేత తను కూడా సెటరే అయింది. ఈ కథంతా అక్కడే మొదలైంది.

ఎందుకో చెబుతాను. హిట్టర్లయితే, అంటే షాట్ కొట్టేవాళ్లయితే, జట్టులో నలుగురైదుగురికి చోటుంటుంది. ఒకరు సరిగ్గా ఆడకపోతే ఇంకొకరు వస్తారు. సెటర్ సంగతి అలా కాదు. పెద్ద జట్లు ఎక్కువగా ఫైవ్-వన్ పద్ధతిలో ఆడతాయి. అంటే కోర్టులో ఒక్కరే సెటర్, మొదటి పాయింటు నుంచి చివరి పాయింటు దాకా తనే. ఇద్దరు సెటర్లు వెనక వరుసలోకి వచ్చినప్పుడల్లా మారుతూ ఆడే సిక్స్-టూ పద్ధతి కూడా ఉంది కానీ, దానికి ఆటగాళ్లను మాటిమాటికీ మార్చాలి. ఇక్కడి అమ్మాయిల కాలేజీ ఆటలో సెట్‌కి 15 మార్పులే ఇస్తారు. కోచ్‌కి ఒక సెటర్ మీద నమ్మకం కుదిరిందంటే రెండో సెటర్‌కి బెంచే. ఆ మొదటి అమ్మాయి కాలు బెణికితే తప్ప ఆట రాదు. తన జట్టులో అమ్మాయికి దెబ్బ తగలాలని ఎవరు కోరుకుంటారు?

మా అమ్మాయి కంటే ఒక ఏడాది ముందున్న సెటర్ నిజంగా గొప్ప ఆటగత్తె. ఆ మాట మా అమ్మాయే చెప్పేది, అసూయ లేకుండా చెప్పేది. మొదటి సంవత్సరం మా అమ్మాయి మొత్తం సీజన్లో ఆడింది మూడు సెట్లు. ఆ మూడు సెట్లకే, కాలేజీలో ఆడటానికి తనకున్న నాలుగు సీజన్లలో ఒకటి ఖర్చయిపోయింది. రెండో ఏడాది కాస్త ఎక్కువ ఆడింది, అది కూడా గెలుపు ఖాయమైన మ్యాచ్‌ల్లోనే.

నన్ను బాధపెట్టింది ఆడకపోవడం కాదు, తను ఫోన్లో మాట్లాడే తీరు. హైస్కూల్లో ఉన్నప్పుడు మ్యాచ్ అయిపోయాక కారెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా ఒకటే మాటలు. ఆ బంతి అటు వేయాల్సింది, ఈ బంతి ఇటు వేయాల్సింది, మిడిల్ (వల మధ్యలో ఆడే) అమ్మాయి ఆలస్యంగా లేచింది అంటూ. కాలేజీకి వెళ్లాక అదంతా ఆగిపోయింది. "మ్యాచ్ ఎలా జరిగింది నాన్నా?" అంటే "గెలిచాం అమ్మా, బాగానే ఉంది" అనేది. తర్వాత మెస్‌లో ఏం పెట్టారు, బయాలజీ ల్యాబ్ ఎలా ఉంది, అంతే. రెండేళ్లలో ఒక్కసారి కూడా తనంతట తను ఆట గురించి మాట్లాడలేదు. టీవీలో మ్యాచ్ చూస్తూ బెంచ్ దగ్గర చప్పట్లు కొడుతున్న తన చేతుల వంకే చూసేదాన్ని.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మొదటిసారి నోరు విప్పింది. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఆయన "ఫుల్ స్కాలర్‌షిప్, మంచి కాలేజీ. ఇంకో రెండేళ్లలో డిగ్రీ చేతికొస్తుంది. ఆట కోసం ఇదంతా కదిలించుకుంటామా?" అన్నారు. నేను ఇంకో రకంగా ఆలోచించాను. ఆ కోచ్ మా ఇంటికి వచ్చి, మా సోఫాలో కూర్చుని, మా అమ్మాయిని అడిగి తీసుకెళ్లిన మనిషి. ఉప్పు తిన్న చోటు వదిలి సరిగ్గా వాళ్ల పోటీ జట్టుకే వెళ్లడం నాకు తప్పుగా తోచింది. ఆ మాటే అన్నాను.

మా అమ్మాయి కోప్పడలేదు. లాప్‌టాప్ తెచ్చి ఇద్దరి ఆట చూపించింది. ఒకరు లెక్సీ సన్. 2017లో టెక్సస్ యూనివర్సిటీకి ఆడి, 2018లో నెబ్రాస్కాకి మారింది. ఆ రెండూ ఒకప్పుడు ఒకే కాన్ఫరెన్స్‌లో ఉండి, విడిపోయాక కూడా వాలీబాల్లో పోటీ తగ్గని జట్లు. ఆ ఏడాదే నెబ్రాస్కా ఫైనల్ దాకా వెళ్లి స్టాన్‌ఫర్డ్ చేతిలో ఐదో సెట్లో ఓడిపోయింది. రెండో ఆవిడ మాడిసన్ స్కిన్నర్. కరోనా వల్ల 2020 సీజన్ ఫైనల్ 2021 ఏప్రిల్లో జరిగితే, కెంటకీ జట్టులో ఉండి టెక్సస్‌ని ఓడించి ఛాంపియన్ అయింది. మరుసటి సీజన్ కూడా కెంటకీలోనే ఆడి, తర్వాత ఏ జట్టునైతే ఓడించిందో ఆ టెక్సస్‌కే వెళ్లింది. వాళ్లతో కలిసి 2022లో, 2023లో వరసగా రెండు టైటిళ్లు గెలిచింది. "వీళ్లని ఎవరైనా ద్రోహులన్నారా అమ్మా?" అని అడిగింది. ఏమని ఉంటారో నాకు తెలియదు. కానీ స్క్రీన్ మీద ఆ అమ్మాయిల మొహాలు చూస్తే ఆట తప్ప ఇంకేమీ కనబడలేదు. రెండేళ్లుగా మా అమ్మాయి మొహంలో లేనిది అదే.

అప్పుడు నేనొక్క షరతు పెట్టాను. వెళ్లాలనుకుంటే వెళ్లు, కానీ ముందు నీ కోచ్‌కి ఎదురుగా కూర్చుని చెప్పు. ఆ మాట ఇంకెవరి ద్వారానో ఆయన చెవిన పడకూడదు.

డిసెంబర్‌లో వాళ్ల జట్టు టోర్నమెంట్ రీజనల్స్‌లో ఓడిపోయింది. సీజన్ అయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి కోచ్ మాట్లాడటం అన్ని కాలేజీల్లో ఉండేదే. సోమవారం తన వంతు వచ్చింది. వచ్చే ఏడాది కూడా ఆ సీనియర్ అమ్మాయే మొదటి సెటర్ అని ఆయన దాచకుండా చెప్పారట. పైగా హైస్కూల్ నుంచి ఇంకో సెటర్ వస్తోంది. అప్పటికే, కాలేజీ ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయం మీద నడిచిన హౌస్ కేసు ఒప్పందం గురించి అన్ని జట్లలోనూ మాట్లాడుకుంటున్నారు. అది అమల్లోకి వస్తే వాలీబాల్లో ఉన్న 12 స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో 18 మంది మాత్రమే ఉండాలనే లెక్క వస్తుంది. 2025 జూన్‌లో కోర్టు దాన్ని ఆమోదించింది కూడా. "నీకు చోటు ఉంటుంది. ఆడే చోటు ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారట కోచ్. మా అమ్మాయి అప్పుడే తన నిర్ణయం చెప్పేసింది. ఆయన లేచి చెయ్యి కలిపి, "ఇది నాతో ముందుగా చెప్పావు చూడు, అది గుర్తుంచుకుంటాను" అన్నారట. ఆ సాయంత్రం ఫోన్లో ఏడ్చింది. రెండేళ్లలో ఏడవడం అదే మొదటిసారి.

ఇక పోర్టల్ సంగతి. చాలామంది దాన్ని వెబ్‌సైట్ అనుకుంటారు, మనమే వెళ్లి నమోదు చేసుకోవచ్చనుకుంటారు. అలా కాదు. అది కాలేజీల వాళ్లకి మాత్రమే కనబడే జాబితా. 2018 అక్టోబర్‌లో మొదలైంది. అంతకు ముందు వేరే కాలేజీ కోచ్ మీతో మాట్లాడాలంటే మీ కాలేజీ అనుమతివ్వాలి, కాదంటే ఇక అంతే. ఇప్పుడు విద్యార్థి రాతపూర్వకంగా అడిగితే, కాలేజీలో నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసు రెండు పనిదినాల్లో పేరు చేర్చి తీరాలి. కాదనే హక్కు వాళ్లకి లేదు. అయితే ఎప్పుడు పడితే అప్పుడు అడగడానికి కుదరదు, ఆటను బట్టి గడువులుంటాయి. వాలీబాల్‌కి అసలైన గడువు టోర్నమెంట్ జట్లను ప్రకటించాక డిసెంబర్‌లో వస్తుంది. పేరు చేరేదాకా వేరే కాలేజీ కోచ్ ఒక్క మెసేజ్ పెట్టినా నియమం తప్పినట్టే.

ఇంకో ముఖ్యమైన విషయం. పేరు చేరిన మరుక్షణం నుంచి పాత కాలేజీకి మీ స్కాలర్‌షిప్‌ని ఆ సెమిస్టర్‌తో ఆపేసే హక్కు వస్తుంది. మనసు మార్చుకుని వెనక్కి వస్తామన్నా తీసుకోవాలని లేదు. అందుకే నాకు నోరు రానిది. కొత్త చోటు దొరికాక పాతది వదులుకోవడం కాదు ఇది. ముందు వదులుకోవాలి, తర్వాత వెతుక్కోవాలి.

"పంపు" అన్నాను చివరికి.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి పేరు చేరింది. మూడుంపావుకి మొదటి మెసేజ్. రాత్రి అయ్యేసరికి పదకొండు కాలేజీలు. హైస్కూల్ రోజుల్లో ఇదే పని ఏళ్ల తరబడి సాగింది. పదో తరగతి అయ్యాక జూన్ 15 వస్తేగానీ కాలేజీ కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. ఆ తేదీ కోసం క్యాలెండర్‌లో గుండ్రంగా గీసుకుని కూర్చున్నాం. ఇప్పుడేమో అంతా పది రోజుల్లో తేలాలి. జనవరి రెండో వారంలో క్లాసులు. వసంతకాలం ప్రాక్టీసుకి అక్కడ లేకపోతే సెటర్‌గా వెళ్లి లాభం లేదు. హిట్టర్ల చేతికి తన బంతి అలవాటు కావాలిగా. తనకింకా ఒక పరీక్ష కూడా మిగిలే ఉంది. పరీక్ష అయ్యేదాకా ఫోన్ పక్కన పెట్టమని నేనూ, లేదు తీయాల్సిందే అని తనూ, ఆ రెండు రోజులు ఇంట్లో ఒకటే టెన్షన్.

ప్రత్యర్థి కాలేజీ నుంచి రెండో రోజు ఫోన్ వచ్చింది. వాళ్ల సెటర్‌కి అదే ఆఖరి సీజన్. హైస్కూల్ నుంచి వచ్చే ఏడాదికి వాళ్లు సెటర్‌ని తీసుకోలేదు. మిగిలిన కాలేజీల్లో కొన్ని ఎక్కువ డబ్బు ప్రస్తావన తెచ్చాయి. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, ఫొటో మీద సంపాదించుకోవచ్చు కాబట్టి ఆ మాటలు ఇప్పుడు మామూలే. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కనుక ఆ సంపాదనకి వీసా ఇబ్బంది లేదు. కానీ తను అడిగింది ఒక్కటే: "ఫైవ్-వన్ ఆడతారా? ఇప్పుడు మీ దగ్గర ఎంతమంది సెటర్లున్నారు?" ఆ కోచ్ గారు పేరుపేరునా చెప్పి, "చోటు నీదని చెప్పను. పోటీ పడటానికి ఖాళీ ఉందని చెబుతాను" అన్నారు. తనకి నచ్చింది ఆ మాటే. నాకూ నచ్చింది.

ఒకప్పుడు కొన్ని కాన్ఫరెన్సుల్లో లోపల్లోపలే కాలేజీ మారితే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాలనే నియమాలుండేవి. ఇప్పుడవి పోయాయి. 2024 ఏప్రిల్ నుంచి ఎన్‌సీఏఏ కూడా ఎన్నిసార్లు మారినా, చదువు లెక్క సరిగ్గా ఉంటే వెంటనే ఆడొచ్చని చెప్పింది.

చదువు లెక్క సరిగ్గా ఉంటే. అందరూ తేలిగ్గా దాటేసే మాట ఇదే. మేం దాదాపు మునిగింది కూడా ఇక్కడే.

మూడు సెమిస్టర్లలో తను 45 క్రెడిట్లు చేసింది, మార్కులు కూడా మంచివే. కొత్త కాలేజీ ఆఫీసు వాళ్లు "మీ 45 క్రెడిట్లూ తీసుకుంటాం" అన్నారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. తను అకౌంట్స్ మనిషి. "తీసుకోవడం వేరు, డిగ్రీలో కలపడం వేరు. డిగ్రీలో ఎన్ని కలుస్తాయో రాసివ్వమనండి" అని పట్టుబట్టారు. రెండు రోజుల తర్వాత కాగితం వచ్చింది. డిగ్రీలో కలిసేవి 33. అనాటమీ ల్యాబ్, ఇంకో మూడు కోర్సులు ఊరికే ఎలెక్టివ్‌లుగా మిగిలిపోయాయి.

మూడో సంవత్సరంలోకి అడుగుపెట్టే ఆటగాళ్లకి, తాము చదివే డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలని ఎన్‌సీఏఏ నియమం. ఆ తర్వాతి ఏడాదికి 60, ఆపైన 80. డిగ్రీకి 120 క్రెడిట్లయితే 40 శాతం అంటే 48. మా అమ్మాయి దగ్గర 33 ఉన్నాయి. జనవరి సెమిస్టర్లో 15 చేస్తే సరిగ్గా 48. ఒక్క కోర్సు తప్పినా ఆగస్టులో ఆట లేదు. ఆ కాగితాన్ని వంటగది బల్ల మీద పెట్టుకుని ముగ్గురం వీడియో కాల్లో కూడికలు చేశాం. చివరికి వేసవిలో ఇంకో 3 క్రెడిట్ల కోర్సు కట్టాం, ఏదైనా తేడా వస్తే ఆసరాగా ఉంటుందని. ఆ కోర్సుకి స్కాలర్‌షిప్ వర్తిస్తుందని కూడా రాయించుకున్నాం. మా ఆయన ఆ రోజు అడగకపోయి ఉంటే మాకు ఈ సంగతి ఆగస్టులో తెలిసేది. మీ పిల్లలెవరైనా మారుతుంటే జిమ్ చూడక ముందు, కోచ్‌తో మాట్లాడక ముందు ఈ కాగితం అడగండి.

సంతకం కూడా ఇదివరకటిలా కాదు. ఫలానా కాలేజీలో చేరతానని సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే పత్రం 2024 అక్టోబర్‌లో రద్దయింది. ఇప్పుడు ఆర్థిక సహాయ ఒప్పందం మీదే సంతకం. ఎన్ని సెమిస్టర్లకి, దేనికెంత అని అందులో ఉంటుంది. ప్రతి లైనూ చదివాకే తను సంతకం చేసింది.

కాలేజీ చూడటానికి నేనూ తనతో వెళ్లాను. ఖర్చులు వాళ్లే పెట్టుకున్నారు. జిమ్ పెద్దది, మెరిసిపోతోంది, అదంతా సరే. నాకు గుర్తుండిపోయింది ఒక్క విషయం. మీటింగ్ గదిలో ఆ కోచ్ గారు మా అమ్మాయితో, "నీ పాత జట్టు సైగల గురించి నిన్ను నేను అడగను. మా వాళ్లెవరైనా అడిగితే నాకు చెప్పు" అన్నారు. సెటర్ వీపు వెనక వేళ్లతో చూపించే సైగల్లోనే జట్టు ఆటంతా ఉంటుంది. ఆ మాట విన్నాక మా అమ్మాయి భుజాలు కాస్త కిందికి దిగాయి. అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చుందని నాకు అప్పుడే తెలిసింది.

పాత కాలేజీలో గది ఖాళీ చేయడానికి నేనే వెళ్లాను. జట్టు సామాన్లన్నీ తిరిగివ్వాలి. జెర్సీలు, ట్రావెల్ బ్యాగు, ఐప్యాడ్. ప్రాక్టీసు టీషర్టులు ఇవ్వనక్కర్లేదన్నారు. ఉతికి మడతపెట్టి ఉన్న ఆరు టీషర్టులు మంచం మీద వరసగా పేర్చింది. అన్నిటి మీదా అదే నంబరు. కాసేపు చూసి, ఐదు అట్టపెట్టెలో వేసి, బాగా వెలిసిపోయిన ఒకటి మాత్రం తన భుజాన వేసుకుంది. జిమ్‌లో లాకర్ దగ్గర బూట్లు మర్చిపోయానని వెళ్తే కార్డు పనిచేయలేదు. పొద్దున పనిచేసిన కార్డే. తలుపు దగ్గర ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. తన రూమ్‌మేట్ లోపలి నుంచి వచ్చి తలుపు తీసింది.

ఆ రూమ్‌మేట్ గురించి చెప్పాలి. ఆ అమ్మాయి లిబెరో, వెనక వరుసలో బంతులు ఆపే ఆటగత్తె. రెండేళ్లు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. నేను పంపిన పులిహోర, సున్నుండలు ఆ పిల్లే ఎక్కువ తినేది. మా అమ్మాయి ముందు వరుసలో ఉన్నప్పుడు అప్పుడప్పుడు హిట్టర్‌కి లేపకుండా రెండో బంతినే వల మీదుగా అవతల ఖాళీలోకి వదిలేస్తుంది. దాన్ని డంప్ అంటారు. మొదటి ఏడాది ప్రాక్టీసులో ఆ పిల్ల ప్రతి డంప్‌నీ తీసేసేదట. ఎలా తెలుస్తోందని అడిగితే, "డంప్ వేసే ముందు నీ ఎడమ మోచెయ్యి కిందికి దిగుతుంది" అని చెప్పిందట. మా అమ్మాయి పోటీ జట్టుకి వెళ్తోందని తెలిశాక ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. తలుపు తీసింది, బూట్లు తెచ్చిచ్చింది, నన్ను చూసి "హలో ఆంటీ" అంది. మా అమ్మాయితో ఒక్క మాట కూడా అనలేదు.

మా అమ్మకి ఊళ్లో ఇదంతా ఫోన్లో చెప్పాను. స్కాలర్‌షిప్పులు, క్రెడిట్లు, రూల్సు. మొత్తం విని అడిగిందిది: "అది సరేనే, ఆ పాత పిల్లలు దీంతో మాట్లాడుతున్నారా?" ఇన్ని కాగితాలు చూసిన మేం ఎవరం ఆ ప్రశ్న అడగలేదు. మా అమ్మాయికి ఫోన్ కలిపి ఇచ్చాను. అమ్మమ్మా మనవరాలూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఫిబ్రవరిలో ఒక రోజు రూమ్‌మేట్ నుంచి మెసేజ్ వచ్చిందని చెప్పింది. ముందు రాసింది మా అమ్మాయే అట.

వసంతకాలం కష్టంగానే గడిచింది. కొత్త హిట్టర్లకి బంతి ఇంకా వేగంగా, తక్కువ ఎత్తులో కావాలి. ఒక మిడిల్ అమ్మాయికి మరీ వలకి ఆనుకుని కావాలి. రోజూ ప్రాక్టీసయ్యాక మూడొందల బంతులు విడిగా వేసేది. బొటనవేలు వాచి టేపు చుట్టుకుని క్లాసులో రాసేదట. జట్టులో ఇద్దరు పిల్లలు మొదట్లో దూరంగా ఉన్నారు. నిన్నటిదాకా వలకి అవతల ఉన్న మనిషి కదా, అది సహజమే. ఆ 15 క్రెడిట్లూ గట్టెక్కాయి. వేసవి కోర్సు కూడా అయింది. ఆగస్టులో మొదటి సెటర్‌గా తన పేరు చెప్పారు.

అక్టోబర్‌లో పాత కాలేజీ జిమ్‌లోనే మ్యాచ్. నేనూ మా ఆయనా వెళ్లాం. జట్ల పేర్లు చదువుతున్నప్పుడు మా అమ్మాయి పేరు రాగానే విద్యార్థులు కూర్చునే వైపు నుంచి పెద్దగా గోల. ఒక చోట తన పేరు రాసిన అట్ట కూడా పట్టుకున్నారు. ఏం రాసుందో ఇక్కడ రాయను. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నేను కోర్టు వంకే చూశాను. తను తల ఎత్తలేదు, ఒకసారి అరచేతులు నిక్కరుకి తుడుచుకుంది.

మొదటి సెట్ 18-25తో పోయింది. రెండు డంపులు వేసింది, రెండూ ఆ లిబెరో పిల్ల ముందే వచ్చి ఎత్తేసింది. రెండోసారి ఎత్తాక మా అమ్మాయి వంక చూసి నవ్వింది కూడా. ఎగతాళి నవ్వు కాదు. గదిలో మాట్లాడుకున్న సంగతి ఇద్దరికీ గుర్తొచ్చిన నవ్వు.

రెండో సెట్ 23-23 దగ్గర ఉంది. బంతి చక్కగా వల దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి గాల్లోకి లేచింది, ఎడమ మోచెయ్యి కిందికి దిగింది. నేను గుర్తుపట్టాను. అవతల ఆ పిల్ల రెండడుగులు ముందుకి దూకింది. బంతి మాత్రం వల దాటలేదు. తల వెనక నుంచి కుడివైపు హిట్టర్‌కి వెళ్లింది. ఆ అమ్మాయి కొట్టిన షాట్ సరిగ్గా లిబెరో వదిలి వచ్చిన చోట పడింది. నేను లేచి నిలబడి అరిచాను. మా చుట్టూ ఉన్నవాళ్లంతా అవతలి జట్టు వాళ్లే. ఆ సెట్ 25-23తో మనదైంది.

మ్యాచ్ మాత్రం 3-1తో ఓడిపోయారు. చివరి రెండు సెట్లూ దగ్గర దాకా వచ్చి పోయాయి. వల కింద చేతులు కలుపుకునేటప్పుడు రూమ్‌మేట్ తన మోచెయ్యి పట్టుకుని ఏదో అంది. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా వాటేసుకున్నారు. బయట నేను తెచ్చిన రెండు పులిహోర డబ్బాల్లో ఒకటి ఆ పిల్లకిచ్చాను.

మేం హోటల్‌కి చేరేసరికి పదకొండు దాటింది. బస్సులోంచి ఫోన్. "అమ్మా, రెండో సెట్లో ఆ బ్యాక్ సెట్ చూశావా? మోచెయ్యి కావాలనే దించాను, వారం రోజులుగా అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను" అంది. చూశానన్నాను. మూడో సెట్లో 21 దగ్గర మిడిల్‌కి ఎందుకు వేయలేదని అడిగాను. ఆ అమ్మాయికి పాస్ దూరంగా వచ్చింది, కుదరలేదు అంది. కుదిరేది, ఒక అడుగు ముందుకేసి ఉంటే అన్నాను. "కాదమ్మా, విను..." అంటూ మొదలుపెట్టింది. మా ఆయన లైటు ఆర్పేసి పడుకున్నారు. నేను ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు వేశాను. నాలుగో సెట్ ఇంకా మొదలే కాలేదు.